బాసెల్ కుందేలు నుంచి డాలస్ ఫ్రిజ్ దాకా

పెప్టైడ్ అంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ ఎనలిటికల్ ల్యాబ్‌లో నా సర్వీసంతా ఆ తెల్లపొడుల మధ్యే గడిచింది. పొడి వచ్చేది. చిటికెడు తీసి కరిగించి హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి ఇచ్చేవాళ్ళం. తెర మీద పీక్ లేచేది. అది ఒక్కటే నిటారుగా ఉందా, పక్కన పిల్ల పీకులు తలెత్తుతున్నాయా అని చూసి సంతకం పెట్టడం నా పని. ఆ పొడి ఎవరి ఒంట్లోకి వెళ్తుందో, వెళ్ళి ఏం చేస్తుందో చెప్పే అధికారం నా సంతకానికి లేదు. అది ఆసుపత్రుల్లో, వందల వేల మంది మీద, ఏళ్ళ తరబడి తేలాల్సిన వ్యవహారం.

డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు మొన్నామధ్య వాట్సాప్‌లో అలాంటి సర్టిఫికెట్ ఒకటి పంపాడు. "పిన్నీ, ప్యూరిటీ 98 శాతం పైన ఉంది. మంచిదే కదా?" అన్నాడు. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇండియా టీముతో మాట్లాడాలని అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందే ఉంటాడు. తర్వాత పడుకుంటే నిద్ర రాదు. జిమ్‌లో ఎవరో చెప్పారట, డీఎస్‌ఐపీ అని ఒక పెప్టైడ్ ఉంది, గాఢనిద్ర తెప్పిస్తుంది అని. చిన్న వయల్‌లో 5 మిల్లీగ్రాముల పొడి. బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్ కలిపి, ఇన్సులిన్ సిరంజితో పొట్ట దగ్గర చర్మం కింద పొడుచుకోవాలి. ఫ్రిజ్‌లో వాళ్ళమ్మ పంపిన ఆవకాయ సీసా పక్కన పెట్టుకున్నాడు. వయల్ మీద మాత్రం స్పష్టంగా ఉంది, పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు అని. "అది లీగల్ గొడవ లేకుండా రాస్తారులే పిన్నీ" అన్నాడు. చదువుకున్న పిల్లలు ఇంత తేలిగ్గా ఎలా అనేస్తారో నాకు అర్థం కాదు.

సరే, ఆ పొడి పుట్టుక సంగతి చూద్దాం. నిజంగానే వినదగ్గ కథ అది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మార్సెల్ మొనియే అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఉండేవాడు. నిద్ర అనేది రక్తంలో పారే ఏదో పదార్థం వల్ల వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. 1960ల మొదట్లో రెండు కుందేళ్ళ రక్తప్రసరణను ఒకదానితో ఒకటి కలిపాడు. ఒకదాని మెదడు లోపల థలామస్ అనే చోట నెమ్మదిగా విద్యుత్ ప్రేరణ ఇచ్చి నిద్రపుచ్చితే, రెండో కుందేలు మెదడు తరంగాలు కూడా మందగించాయి. అంటే రక్తంలో ఏదో దాటి వస్తోందన్నమాట. ఆ ఏదోను పట్టుకోవడానికి గీడో షోనెన్‌బెర్గర్ అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి పది పన్నెండేళ్ళు తవ్వాడు. నిద్రపుచ్చిన కుందేళ్ళ మెదడు నుంచి వచ్చే సిరల రక్తాన్ని తీసి, పెద్ద అణువులు వెనకబడిపోయేలా డయాలసిస్ చేసి, మిగిలినదాన్ని విడగొడుతూ పోయారు. ప్రతి భాగాన్నీ మరో కుందేలు మెదడులోని ద్రవంలోకి ఎక్కించి, ఈఈజీలో, అంటే మెదడు తరంగాల రాతలో, డెల్టా తరంగాలు పెరుగుతున్నాయా అని చూశారు. డెల్టా అంటే సెకనుకు నాలుగు సార్ల లోపు ఊగే పెద్ద, నిదానమైన అలలు. మన గాఢనిద్రలో కనిపించేవి అవే. 1977లో ఆ పదార్థం నిర్మాణం ప్రకటించారు. అదే డీఎస్‌ఐపీ, అంటే డెల్టా నిద్ర తెప్పించే పెప్టైడ్. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు. ట్రిప్టోఫాన్‌తో మొదలై గ్లుటామిక్ ఆమ్లంతో ముగుస్తుంది. అణుభారం 850 డాల్టన్ల దగ్గర. మా ల్యాబ్ లెక్కలో చాలా చిన్న, తేలికైన పని. ఒక సింథసైజర్ మీద రెసిన్ పూసలకు ఒక్కో అమైనో ఆమ్లం తగిలిస్తూ పోతే ఒకటి రెండు రోజుల్లో గొలుసు తయారు. ఎవరైనా చేయగలరు, అందుకే ఎవరుబడితే వాళ్ళు అమ్ముతున్నారు.

ఈ వేటలో మొనియే మొదటివాడు కాదు. 1909లో జపాన్‌లోని నాగోయాలో ఇషిమోరి, ఆ కాలంలోనే పారిస్‌లో ఆన్రీ పియెరాన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దాదాపు ఒకే ప్రయోగం చేశారు. కుక్కల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు సారాన్నో ద్రవాన్నో తీసి మామూలు కుక్కలకు ఎక్కిస్తే అవి నిద్రలోకి జారుకున్నాయి. పాపం ఆ కుక్కలు. అరవై ఏళ్ళ తర్వాత హార్వర్డ్‌లో పాపెన్‌హైమర్ బృందం మేకలతో అదే చేసి, దొరికిన పదార్థానికి ఫ్యాక్టర్ ఎస్ అని పేరు పెట్టింది. అది ఎంత కొంచెంగా ఉంటుందంటే, శుద్ధి చేయడానికి వేల లీటర్ల మనుషుల మూత్రం సేకరించాల్సి వచ్చింది. 1980ల మొదట్లో తేలిన ఫలితం చదివినప్పుడు నేను గట్టిగా నవ్వాను. ఫ్యాక్టర్ ఎస్ అనేది మురామిల్ పెప్టైడ్. బ్యాక్టీరియా కణాల గోడలో ఉండే ముక్క. మెదడు తయారుచేసే నిద్రమందు అనుకుని వెతికితే చివరికి చేతికి చిక్కింది సూక్ష్మజీవుల గోడ చెక్క. దానివల్ల ఆ పని వృథా కాలేదు. జ్వరం వచ్చినప్పుడు ఎందుకు మగతగా ఉంటుంది, రోగనిరోధక శక్తికీ నిద్రకూ లంకె ఏమిటి అనే ఒక మంచి శాస్త్రం అక్కడి నుంచే పెరిగింది. ఈ బ్యాక్టీరియా గోడ సంగతి గుర్తుంచుకోండి, మా వాడి వయల్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

అసలు రక్తంలో పారే ఒక్క పదార్థమే నిద్రను నడిపిస్తుందన్న ఊహకు సముద్రంలో ఒక చిక్కు ఎదురైంది. డాల్ఫిన్లు ఒకసారికి మెదడులో ఒక సగంతోనే గాఢంగా నిద్రపోతాయి. రెండో సగం మెలకువగా ఉండి ఈదుతూ, ఊపిరికి పైకి వస్తుంటుంది. 1970లలో సోవియట్ శాస్త్రవేత్తలు ఈఈజీతో దీన్ని నిరూపించారు. రెండు సగాలకూ అందేది ఒకే రక్తం. ఒక సగం నిద్రపోయి ఇంకో సగం మేలుకుందంటే, నిద్రను నిర్ణయించేది మెదడు లోపల అక్కడికక్కడే జరిగే వ్యవహారం అయ్యుండాలి. రక్తంలోనో చర్మం కిందో ఏదో పోస్తే నిద్ర వచ్చేస్తుందనేవాళ్ళు ముందు ఈ డాల్ఫిన్‌కి జవాబు చెప్పాలి.

డీఎస్‌ఐపీ మీద 1980లలో పెద్ద సందడే జరిగింది. ఎలుకలు, పిల్లులు, కుందేళ్ళు, మనుషులు. నిద్రకే కాక నొప్పికి, ఒత్తిడికి, మద్యం, నల్లమందు మానేవాళ్ళు పడే బాధలకు కూడా వాడి చూశారు. ఒకే చిన్న గొలుసు ఇన్ని పనులు చేస్తుందని వింటే నాలాంటి వాళ్ళకు చెవులు నిక్కబొడుచుకుంటాయి, సంతోషంతో కాదు. పైగా ఫలితాలు నిలకడగా లేవు. ఒక ల్యాబ్‌లో వచ్చింది ఇంకో ల్యాబ్‌లో రాలేదు. కుందేళ్ళలో ఒక మోతాదు దగ్గర ప్రభావం కనిపించి, మోతాదు పెంచితే మాయమైంది. అలాంటి మందులు లేకపోలేదు గానీ, ఎక్కడో ఒక మోతాదు దగ్గర మాత్రమే కనిపించే ప్రభావం కాకతాళీయం కాదని తేల్చాలంటే మామూలుకన్నా ఎక్కువ సాక్ష్యం కావాలి. ఇక్కడ మామూలంత కూడా లేదు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో నాకు నచ్చింది 1992లో వచ్చిన డచ్ అధ్యయనం. దీర్ఘకాలంగా నిద్ర పట్టని 16 మంది. ఎవరికి మందు వెళ్తోందో, ఎవరికి మందు లేని ఉత్త ద్రావణం వెళ్తోందో రోగికీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. కిలో బరువుకు 25 నానోమోల్ చొప్పున నరంలోకి ఎక్కించారు. మందు తీసుకున్నవాళ్ళు కాస్త త్వరగా నిద్రపోయారు, మంచం మీద గడిపిన సమయంలో నిద్ర వాటా కొంచెం పెరిగింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ తేడాలు బలహీనమైనవనీ, వాటిలో కొంత ఉత్త ద్రావణం గుంపులో యాదృచ్ఛికంగా వచ్చిన మార్పువల్ల కనిపించి ఉండొచ్చనీ వాళ్ళే రాశారు. నిద్ర ఎలా పట్టిందని రోగుల్ని అడిగితే చెప్పుకోదగ్గ మార్పు లేదు. దీనివల్ల దీర్ఘకాల నిద్రలేమికి పెద్ద ప్రయోజనం ఉండేలా లేదని ముగించారు. తాము పరీక్షించిన మందు గురించి ఇంత నిజాయితీగా రాసినందుకు వాళ్ళంటే నాకు గౌరవం.

25 నానోమోల్ అంటే ఎంతో మా వాడికి లెక్క కట్టి చూపించాను. 70 కిలోల మనిషికి దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాములు, అదీ నేరుగా నరంలోకి. మా వాడు తీసుకునేది 200 మైక్రోగ్రాములు, చర్మం కింద. అంటే ఆ బలహీనమైన ఫలితం చూపిన మోతాదులో ఏడో వంతు. పైగా ఈ పెప్టైడ్‌ను రక్తపు ప్లాస్మాలో కలిపి చూస్తే పావుగంటలో సగం విరిగిపోతుంది. ఎంజైములు ముందు కొసన ఉన్న ట్రిప్టోఫాన్‌ను కొరికేస్తాయి. "మరి రాత్రంతా ఎలా పనిచేస్తుంది?" అని అడిగాను. "అది బ్రెయిన్‌లో ఏదో ఆన్ చేసి వెళ్ళిపోతుందట పిన్నీ" అన్నాడు. నిజానికి బాసెల్ వాళ్ళు కూడా ఇలాంటిదే అన్నారు, ప్రభావం వెంటనే కొంత, తర్వాతి రాత్రుల్లో కొంత అని. ఏది జరిగినా సరిపోయే వివరణ అది. ఇవాళ నిద్ర పడితే మందు మహిమ, పట్టకపోతే రేపు పడుతుంది.

ఇంతకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే సంగతి వేరే ఉంది. మన శరీరంలో పెప్టైడ్లు ఊరికే పుట్టవు. ముందు ఒక జన్యువు ఉంటుంది, దాని నుంచి ఒక పెద్ద ప్రొటీన్ తయారవుతుంది, ఎంజైములు దాన్ని కత్తిరిస్తే చిన్న పెప్టైడ్ బయటికి వస్తుంది. అది వెళ్ళి ఏదో కణం మీద ఉన్న రిసెప్టర్‌కి అతుక్కుంటే పని మొదలవుతుంది. డీఎస్‌ఐపీకి ఆ జన్యువు దొరకలేదు. ఆ పెద్ద ప్రొటీన్ దొరకలేదు. రిసెప్టర్ కూడా దొరకలేదు. 2006లో రష్యా పరిశోధకుడు కోవల్జోన్, తన సహచరితో కలిసి జర్నల్ ఆఫ్ న్యూరోకెమిస్ట్రీలో రాసిన సమీక్షలో ఈ పెప్టైడ్‌ను ఇంకా వీడని పొడుపుకథ అన్నాడు. అప్పటికి మానవ జన్యుపటం చేతికొచ్చి మూడేళ్ళయింది. కొన్ని ప్రయోగాల్లో అసలు డీఎస్‌ఐపీ కంటే దాన్ని కాస్త మార్చి చేసిన కృత్రిమ గొలుసులే నిద్రను పెంచాయని కూడా అందులో ఉంది. శరీరంలో నిజంగా పనిచేసేది దీన్ని పోలిన మరేదో పెప్టైడ్ కావచ్చని వాళ్ళ అనుమానం. యాంటీబాడీలతో వెతికితే మెదడులో, తల్లిపాలలో కూడా డీఎస్‌ఐపీలాంటిది తగిలిందన్న పేపర్లు ఉన్నాయి నిజమే. యాంటీబాడీ అతుక్కున్నంత మాత్రాన అదే పదార్థమని నమ్మకూడదని మా ల్యాబ్‌లో చేరిన కుర్రాడికి మొదటి నెలలోనే చెప్పేవాళ్ళం.

కావాలంటే ఇదే నిద్ర రంగంలో రుజువైన పెప్టైడ్ కథ ఎలా ఉంటుందో చూడండి. 1998లో రెండు బృందాలు విడివిడిగా ఒక మెదడు పెప్టైడ్‌ను కనిపెట్టాయి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, డాలస్‌లో పనిచేస్తున్న యనగిసావా, సకురాయి బృందం ఒరెక్సిన్ అంది. జన్యువు, రిసెప్టర్లు మొదటి రోజే చేతిలో ఉన్నాయి. మరుసటేడు స్టాన్‌ఫర్డ్‌లో మిన్యో బృందం, ఆడుకుంటూ ఆడుకుంటూ కుప్పకూలిపోయే డాబర్‌మన్ కుక్కల్లో ఆ రిసెప్టర్ జన్యువే చెడిపోయిందని తేల్చింది. ఆ జబ్బు పేరు నార్కోలెప్సీ. 2000లో, నార్కోలెప్సీతో బతికి చనిపోయిన మనుషుల మెదళ్ళలో ఒరెక్సిన్ తయారుచేసే కణాల్లో 85 నుంచి 95 శాతం మాయమయ్యాయని కనుగొన్నారు. జన్యువు నుంచి కుక్కకు, కుక్క నుంచి మనిషికి, ఎక్కడా తెగలేదు. విచిత్రమేమిటంటే ఒరెక్సిన్ నిద్రపుచ్చేది కాదు, మేలుకొలిపేది. అందుకని నిద్రకోసం దాన్ని అడ్డుకునే మందు కావాలి. సువోరెక్సాంట్ అనే ఆ మాత్రను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో ఆమోదించింది. అది పెప్టైడ్ కాదు, నోటితో మింగే చిన్న అణువు. వెయ్యిమందికి పైబడి ఉన్న రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. అయినా మర్నాడు పొద్దున కారు నడిపేటప్పుడు మగత ఉంటుందేమోనని, కంపెనీ అడిగినదానికంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టమంది ఎఫ్‌డీఏ. ఇంతా చేస్తే, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే నిద్ర పట్టడంలో లాభం కొన్ని నిమిషాలే. నిజంగా రుజువైన మందు సంగతే ఇది. జిమ్‌లో చెప్పే అద్భుతాలు విన్నప్పుడల్లా నాకు ఈ కొన్ని నిమిషాలే గుర్తొస్తాయి.

ఇక సర్టిఫికెట్. 98 శాతం ప్యూరిటీ అంటే వయల్‌లో 98 శాతం పెప్టైడ్ ఉందని మా వాడు అనుకున్నాడు. అలా కాదు. ఆ అంకె హెచ్‌పీఎల్‌సీలో కనిపించిన పీకుల విస్తీర్ణంలో అసలు పీక్ వాటా. అతినీల కిరణాలను పీల్చుకునేవే ఆ యంత్రానికి కనిపిస్తాయి. పొడిలో ఉండే తేమ, శుద్ధి చేసేటప్పుడు అంటుకుని మిగిలే ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లపు లవణం ఆ లెక్కలోకి రావు. అసలు పెప్టైడ్ బరువు ఎంతో నెట్ పెప్టైడ్ కంటెంట్ అని వేరే పరీక్ష చేసి రాయాలి. వాడి కాగితం మీద అది లేదు. మాస్ స్పెక్ట్రమ్ ఇచ్చారు, అది అణుభారం చెబుతుంది. కానీ గొలుసులో ఒక అమైనో ఆమ్లం ఎడమవాటానికి బదులు కుడివాటం వచ్చి చేరినా అణుభారం మారదు. స్టెరిలిటీ పరీక్ష లేదు. ఎండోటాక్సిన్ పరీక్ష లేదు. కాగితం మీది బ్యాచ్ నంబరూ వయల్ మీది బ్యాచ్ నంబరూ కలవలేదు. అవన్నీ కలిసినా, రాళ్ళు ఏరిన బియ్యమని చెప్పినంతే. ఆ బియ్యం తింటే పథ్యం కుదురుతుందో లేదో బియ్యం కొట్టువాడు చెప్పలేడు.

ఎండోటాక్సిన్ దగ్గర నేను కొంచెం ఆగాలి. అది కూడా కొన్ని బ్యాక్టీరియాల బయటి పొరలోని ముక్కే. సూది మందుల్లో అది హద్దు దాటితే చలిజ్వరం వస్తుంది, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే సూదిమందు ప్రతి బ్యాచ్‌కీ ఈ పరీక్ష తప్పనిసరి. మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పోల్మాఖర్ బృందం 1990లలో ఆరోగ్యవంతులైన వలంటీర్లకు, వైద్యుల పర్యవేక్షణలో, అత్యల్ప మోతాదులో ఎండోటాక్సిన్ ఇచ్చి నిద్రను కొలిచింది. జ్వరం తెలియనంత చిన్న మోతాదులో గాఢనిద్ర పెరిగింది. మోతాదు పెంచితే నిద్ర చెదిరింది. ఫ్యాక్టర్ ఎస్ నేర్పిన పాఠానికి ఇది మనుషుల్లో కొనసాగింపు. కాబట్టి పరీక్షించని వయల్ పొడుచుకుని ఎవరికైనా హాయిగా నిద్రపట్టిందంటే, పనిచేసింది పెప్టైడా, అందులో కలిసిన మురికా అని అడగక తప్పదు. ఇది చెప్పాక మా వాడు కాసేపు మాట్లాడలేదు.

"కానీ నాకు మొదటి వారం బాగా పనిచేసింది పిన్నీ. వాచీలో డీప్ స్లీప్ పెరిగింది" అన్నాడు తర్వాత. వాడు అబద్ధం చెప్పడు. కానీ మనిషి మందు ఎప్పుడు మొదలుపెడతాడు? నాలుగు రాత్రులు అస్సలు నిద్రలేక విసిగిపోయినప్పుడు. అంత అధ్వాన్నమైన వారం తర్వాత వచ్చే వారం ఏ మందూ లేకున్నా కాస్త మెరుగ్గానే ఉంటుంది. పైగా సూది, వయల్, ఫ్రిజ్, ఖరీదు అన్నీ కలిసి మనసుకు ధైర్యమిస్తాయి. నిద్ర విషయంలో ఆ ధైర్యమే సగం వైద్యం. నిద్రమందుల ట్రయల్స్‌లో ఉత్త మాత్ర గుంపు కూడా చెప్పుకోదగ్గంత మెరుగుపడటం మామూలే. ఇక వాచీ. అది మెదడు తరంగాలు చూడదు. మణికట్టు కదలికలు, గుండె వేగం చూసి ఇది డీప్ అయ్యుంటుందని అంచనా వేస్తుంది. అసలు కొలత తలకు ఎలక్ట్రోడ్లు అంటించి చేసే పాలీసామ్నోగ్రఫీయే.

ఇదొక్కటే కాదు, ఆ దుకాణాల్లో ఇంకా చాలా ఉన్నాయి. సీజేసీ-1295, ఇపామోరెలిన్ అనేవి గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించేవి. వీటి వెనక ఒక సబబైన ఆలోచన ఉంది. గాఢనిద్రలోనే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది, దాన్ని విడుదల చేయించే మెదడు హార్మోన్‌ను రాత్రిపూట నరంలోకి ఇస్తే మగవాళ్ళలో గాఢనిద్ర పెరిగిందని మ్యూనిక్‌లోనే 1990ల మొదట్లో చూపించారు. కానీ అక్కడి నుంచి బజారు వయల్ దాకా వేసిన వంతెనలో పలకలే లేవు. సీజేసీ-1295ను హెచ్‌ఐవీ రోగుల్లో కొవ్వు సమస్యకు పరీక్షిస్తుండగా 2006లో ఒకరు చనిపోవడంతో ట్రయల్ ఆపేశారు. ఆ మరణానికి మందే కారణమని రుజువు కాలేదు, కాదని నమ్మకంగా చెప్పేంత పరీక్ష తర్వాత జరగనూ లేదు. గ్రోత్ హార్మోన్ పెరిగితే ఇన్సులిన్ పనితనం తగ్గి రక్తంలో చక్కెర పెరుగుతుంది. మా అక్కకీ బావగారికీ ఇద్దరికీ షుగరు. ఆ రక్తం పంచుకున్న పిల్లాడు నిద్రకోసం దాన్ని ముట్టుకుంటానంటే ఊరుకోలేను. ఎపిటాలాన్ అని నాలుగు అమైనో ఆమ్లాల గొలుసు ఇంకోటి, సెయింట్ పీటర్స్‌బర్గ్ సరుకు. దాని గురించి గొప్పగా చెప్పే పనిలో ఎక్కువ భాగం దాన్ని పుట్టించిన బృందానిదే. ఆవుపాల కేసిన్ నుంచి ఫ్రాన్స్‌లో తీసిన పెప్టైడ్ మాత్రలు కూడా ఉన్నాయి, నిద్రకు ముందు పాలు తాగమనే మన పెద్దవాళ్ళకు సంతోషం కలిగించేలా. సాక్ష్యం అక్కడా పలచనే, కాకపోతే పాల ముక్కతో సూది ప్రమాదం లేదు.

2023లో అమెరికా ఎఫ్‌డీఏ, కాంపౌండింగ్ ఫార్మసీలు కలిపి ఇవ్వడానికి తగినంత భద్రతా సమాచారం లేని పదార్థాల జాబితాలో డీఎస్‌ఐపీని చేర్చింది. అందులో దాని పేరు ఎమిడెల్టైడ్. కలుషితాలు, శరీరం ఎదురుతిరగడం, మనుషుల మీద సమాచారం లేకపోవడం, ఇవీ అభ్యంతరాలు. ఫార్మసీ తలుపు మూసుకుంటే కిటికీలోంచి పరిశోధన సరుకు అన్న ముద్రతో అదే పొడి వస్తోంది.

మా వాడి నిద్ర సంగతి చివరికి వాళ్ళావిడ ద్వారా బయటపడింది. ఫోన్లో పక్క నుంచి, "గురక గురించి కూడా చెప్పండి పిన్నిగారికి" అంది. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం, పొద్దున తలనొప్పి. ఇది వినగానే ఏ డాక్టరైనా ముందు స్లీప్ అప్నియా పరీక్ష రాస్తాడు. గొంతు మూసుకుపోయి ప్రాణవాయువు తగ్గి మెదడు లేపేస్తుంటే, డెల్టా అలలు పెంచే మందు నిజంగా ఉన్నా అది చేసేదేముంది? వాడు ఇంటికి తెచ్చుకునే కిట్‌తో పరీక్ష చేయించుకున్నాడు, అప్నియా ఉందన్నారు, ఇప్పుడు గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా ఉంచే సీప్యాప్ మాస్క్ పెట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాడు. మాస్క్ బాలేదని రోజూ సణుగుతాడు. అప్నియా లేని మామూలు నిద్రలేమికైతే, మందులకంటే ముందు ప్రవర్తనా చికిత్స ఇవ్వమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మంచం మీద మేలుకుని దొర్లే సమయాన్ని కుదించడం, నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళడం, ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకు లేవడం. మొదటి రెండు వారాలు నరకంలా ఉంటుంది. వయల్‌లో పెట్టి అమ్మడం కుదరదు కాబట్టి దీనికి ప్రచారమూ తక్కువే.

"అయితే డీఎస్‌ఐపీ పనిచేయదనేనా?" అని మా వాడు పట్టుబట్టి అడిగాడు. పనిచేయదని నేను అనలేను. పనిచేస్తుందని చెప్పే హక్కు అమ్మేవాళ్ళకూ లేదు. తేల్చడం అసాధ్యమేమీ కాదు. కొన్ని వందల మంది నిద్రలేమి రోగులు, సగం మందికి శుద్ధమైన మందు, సగం మందికి సెలైన్, తలకు ఎలక్ట్రోడ్లు, కొన్ని నెలలు. మందుల పరిశ్రమ లెక్కలో ఇది బ్రహ్మాండమైన ఖర్చేం కాదు. కానీ ఆ ఖర్చు ఎవరు పెడతారు? నిర్మాణం 1977లోనే అచ్చయిపోయింది, ఇప్పుడు ఆ గొలుసు మీద పేటెంట్ రాదు. పెద్ద కంపెనీకి లాభం లేదు. అమ్ముతున్నవాళ్ళకు ఏ పరీక్షా లేకుండానే అమ్ముడుపోతోంది, ట్రయల్ పెట్టి ఓడిపోతే ఉన్న బేరమూ పోతుంది. ప్రభుత్వాల పరిశోధన సొమ్ము ఒరెక్సిన్‌లాగా జన్యువూ రిసెప్టరూ తెలిసినవాటి వెంట వెళ్తుంది, వెళ్ళాలి కూడా. అందుకే 1992 నాటి ఆ 16 మంది దగ్గరే కథ ఆగి ఉంది.